వియ్యాలవారితో క్యాసినోకి: ఫోను ఎక్కడ తీయాలి, ఎక్కడ జేబులో ఉంచాలి

ప్రశ్న: సంక్రాంతి అయ్యాక మేమిద్దరం, మా వియ్యాలవారు, అల్లుడి తమ్ముడు కలిసి గోవా వెళ్తున్నాం. అమరావతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీసుకున్నాం. ఒక సాయంత్రం పణజీలో మాండవి నది మీదుండే క్యాసినో ఓడ ఎక్కాలని అనుకున్నాం. ఆట మీద మోజేమీ లేదు, చూడాలనే సరదా. నా బెంగంతా ఫోటోల గురించే. రెండేళ్ల కిందట కొలంబోలో ఒక క్యాసినోలో మావారు వీడియో తీస్తుంటే గార్డు వచ్చి అందరి ముందూ ఆపి చెరిపించాడు. ఆ రాత్రి ఆయన భోజనం కూడా చేయలేదు. వియ్యాలవారి ఎదుట మళ్లీ అలా జరిగితే తట్టుకోలేను. అల్లుడి తమ్ముడికి పాతికేళ్లు, రీల్స్ అంటే ప్రాణం. వియ్యంకుడు గారు ప్రభుత్వోద్యోగి, తన ఫోటో ఎక్కడా పెట్టొద్దని ముందే చెప్పారు. వేసవిలో అమెరికాలో అమ్మాయి దగ్గరికి వెళ్తే లాస్ వేగాస్ చూపిస్తానంటోంది, మూడేళ్ల మనవడు కూడా ఉంటాడు. క్యాసినోలో అసలు ఫోటో తీయొచ్చా? గార్డు ఫోను అడిగితే ఇచ్చేయాలా? ఇంకో మాట, కొలంబోలో చెరిపేశామనుకున్న వీడియో మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో కనిపించింది. దాన్నేం చేయాలి?

— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

సమాధానం:

అమ్మా, ఆట బల్లలున్న హాల్లో ఫోటో తీయకూడదనే లెక్కతోనే లోపలికి అడుగు పెట్టండి. తీసుకోవచ్చని అక్కడివాళ్లే చెబితే అప్పుడు తీసుకోండి. ఇలా అనుకుని వెళ్లినవాళ్లకి ఏ దేశంలోనూ ఇబ్బంది రాదు. బోర్డు కనిపించలేదు కదా తీస్తే ఏమైందిలే అనుకున్నవాళ్లకే కొలంబో అనుభవం ఎదురవుతుంది. ఆ గార్డు మీవారిని అవమానించాలని రాలేదు. రోజుకి ఎంతమందికో అదే మాట చెప్పడం ఆయన ఉద్యోగం. ముందు ఈ సంగతి మీవారితో చెప్పండి, మనసు కాస్త తేలికపడుతుంది.

ఎందుకంత పట్టింపు అనేది అర్థమైతే ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పండగ మూడు రోజులూ మన చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర గుండాట బల్ల ముందు ఎవరైనా ఫోను పైకెత్తితే ఏమవుతుందో మీకు తెలిసిందే. నలుగురు మీద పడతారు. అక్కడ భయం కేసు గురించి, ఎందుకంటే మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం అది నేరం. గోవాలో పరిస్థితి వేరు. అక్కడి 1976 జూద చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్‌స్టార్ హోటళ్లలో స్లాట్ మెషిన్లకు (డబ్బు వేసి బటన్ నొక్కి ఆడే యంత్రాలు), 1996లో ఇంకోసారి సవరించి నీటి మీది ఓడల్లో ఆటలకు దారి ఇచ్చారు. లైసెన్సుతో, పన్ను కట్టి నడిచే వ్యాపారం కాబట్టి పోలీసులొస్తారన్న భయం లేదు. అయినా ఫోను పైకెత్తితే గార్డు వస్తాడు. దానికి కారణాలు వేరే ఉన్నాయి.

మీరొక రౌలెట్ (తిరిగే చక్రంలో గోళీ వదిలి, అది ఏ అంకె దగ్గర ఆగుతుందో పందెం కాసే ఆట) బల్ల దగ్గర సెల్ఫీ తీసుకున్నారనుకోండి. ఫోటోలో మీ ముఖం ఉంటుంది, మీరు చూసుకునేది అదొక్కటే. ఇప్పుడు దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూడండి. మీ కుడి భుజం వెనక ఒకాయన, ఆయన ముందు దొంతరగా చిప్స్, అంటే డబ్బుకి బదులు పందెం కాసే రంగు బిళ్లలు. ఏ రంగు చిప్స్ ఎన్నున్నాయో లెక్కపెట్టొచ్చు, అంటే ఆయన దగ్గర ఎంత డబ్బుందో తెలిసిపోతుంది. ఎడమవైపు డీలర్ (బల్ల దగ్గర ఆట నడిపే ఉద్యోగి) ముఖం, గుండె మీద పేరు రాసిన బిళ్ల. ఆ వెనక క్యాష్ కౌంటరు కిటికీ, డబ్బు లెక్కపెడుతున్న చేతులు. ఇంకా పైన కెమెరా ఏ మూల ఉందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా పడుతుంది. మీకు అక్కర్లేని ఇన్ని సంగతులు ఒక్క క్లిక్కులో మీ ఫోన్లోకి వచ్చేశాయి. బ్యాంకులో క్యాషియర్ ఎదురుగా నిలబడి వీడియో తీస్తే మేనేజరు ఊరుకుంటాడా? ఇదీ అంతే.

వీటిలో అన్నిటికన్నా పెద్దది ఆ వెనక మనిషి సంగతి. 2020 ఫిబ్రవరి నుంచి గోవా స్థానికుల్ని ఆ క్యాసినోల్లోకి రానివ్వడం లేదు, గుర్తింపు కార్డు చూసే పంపిస్తారు. అంటే ఆటగాళ్లంతా పై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. పక్క బల్ల మీద తెలుగు వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆయన మీ గుంటూరు చుట్టాలకి తెలిసినవాడే కావచ్చు. ఇంట్లో ఏం చెప్పి వచ్చాడో మనకి తెలియదు, తెలుసుకునే హక్కూ మనకి లేదు. మీ వియ్యంకుడు గారు తన ఫోటో రాకూడదని ఎంత గట్టిగా అనుకుంటున్నారో అక్కడున్న ప్రతి ఒక్కరూ అంతే గట్టిగా అనుకుంటారు.

రెండో కారణం మోసం భయం. ఇది ఊరికే చెప్పే సాకు కాదు. 2004లో లండన్‌లోని రిట్జ్ క్యాసినోలో ముగ్గురు రౌలెట్ ఆడి సుమారు 13 లక్షల పౌండ్లు గెలిచారు. గోళీ వేగాన్ని, చక్రం వేగాన్ని ఫోన్లో దాచిన లేజర్ పరికరంతో కొలిచి, గోళీ ఏ భాగంలో పడుతుందో అంచనా వేశారని పోలీసులు అనుమానించారు. చివరికి వాళ్ల మీద కేసు నిలవలేదు, గెలిచిన డబ్బూ వాళ్లకే దక్కింది. రౌలెట్ చక్రం మీదికి ఫోను వంగితే గార్డులు ఉలిక్కిపడతారంటే ఆశ్చర్యమేముంది? అమెరికాలో లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో పేక ముక్కలు లెక్కపెట్టడానికో, ఫలితం అంచనా వేయడానికో పరికరం సాయం తీసుకుంటే అది జైలుకి పంపే పెద్ద నేరం. మీరు తీసింది సరదా వీడియోనే కావచ్చు. పైనుంచి కెమెరాలో చూసేవాడికి మాత్రం మీ చేతిలో ఫోను కనిపిస్తుంది గానీ మీ మనసు కనిపించదు కదా.

ఈసారి డీలర్ చేతుల్ని ఒకసారి గమనించండి. బల్ల దగ్గర నుంచి లేచే ముందు రెండు అరచేతులూ ఒకసారి తట్టి, అటూ ఇటూ తిప్పి గాలిలో చూపిస్తాడు. చేతిలో చిప్ దాచలేదని పైనున్న కెమెరాకి చూపించడమది. సొంత ఉద్యోగినే ఇంత కనిపెట్టుకుని చూసే చోట బయటివాళ్ల ఫోనుకి ఎంత స్వేచ్ఛ ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇక మీ ప్రయాణం వరుసలో చూద్దాం. రైల్లో ఒక్క మాట. క్యాజిల్‌రాక్ దాటాక ఘాట్‌లో దూద్‌సాగర్ జలపాతం వస్తుంది. అక్కడ తలుపు దగ్గర వేలాడుతూ రీల్ తీయాలన్న ఆలోచన ఆ అబ్బాయికి తప్పక వస్తుంది. కిటికీలోంచి తీసుకోమనండి, ఈ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి.

పణజీలో చీకటి పడబోయే వేళకి నది ఒడ్డుకి చేరండి. బండోడ్కర్ మార్గ్ పక్కన నడుస్తుంటే ఓడలన్నీ దీపాలతో కనిపిస్తాయి. ఆ రాత్రికి వచ్చే మంచి ఫోటోలన్నీ నిజానికి ఇక్కడే ఉన్నాయి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దీపాలు కృష్ణలో పడ్డప్పుడు తీసినట్టే తీయాలి. సూర్యుడు మునిగాక ఇరవై నిమిషాలకి ఆకాశం నీలంగా ఉండగానే మొదలుపెట్టండి, పూర్తిగా చీకటి పడితే ఓడ తెల్లటి ముద్దలా, ఆకాశం నల్లటి గోడలా వస్తుంది. లెన్సు చీర చెంగుతోనో రుమాలుతోనో తుడవండి, వేలిముద్ర జిడ్డు వల్లే దీపాల చుట్టూ మసక తెరలా వస్తుంది. వెలుగుతున్న అక్షరాల మీద వేలు నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగితే వెలుగు తగ్గి అక్షరాలు చదవగలిగేలా వస్తాయి. ఫోను రెయిలింగ్ మీద ఆనించి నైట్ మోడ్‌లో రెండు మూడు సెకన్లు కదపకుండా పట్టుకోండి. మనుషుల్ని దీపాలకి వీపు పెట్టించి నిలబెడితే ముఖాలు నల్లబడతాయి. వీధి దీపం వెలుతురు ముఖం మీద పడేలా కాస్త పక్కకి తిప్పి నిలబెట్టండి, ఫ్లాష్ వాడకండి.

జెట్టీ దగ్గర టికెట్ కౌంటరులో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "లోపల ఫోనుతో ఫోటో తీసుకోవచ్చా, ఎక్కడెక్కడ?" ఒక్కో ఓడకి ఒక్కో నిబంధన. పెద్ద కెమెరా ఉంటే హోటల్ గదిలోనే వదిలేయండి, ఆట హాల్లోకి దానికి ప్రవేశం దొరకదనే అనుకోవాలి. అక్కడ ప్రవేశానికి ఇరవయ్యొక్కేళ్లు నిండాలి కాబట్టి ఆ అబ్బాయి ఆధార్ కూడా చేతిలో ఉండాలి. మగవాళ్లు నిక్కర్లు, చెప్పులతో వస్తే చాలా ఓడల్లో ఆపేస్తారు. ఫోటోకి కూడా ప్యాంటూ బూట్లే నయం.

ఓడ దగ్గరికి చిన్న పడవలో తీసుకెళ్తారు. జెట్టీ నుంచి పడవలోకి, పడవ నుంచి ఓడలోకి అడుగు పెట్టే ఆ రెండు చోట్లా ఫోను జిప్పున్న జేబులోనో సంచిలోనో ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పడవ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. సెల్ఫీ కోసం ఒక చేయి ఎత్తితే ఇంకో చేయి పట్టు చాలదు, ఫోను నీళ్లపాలవుతుంది. కూర్చున్నాక తీసుకోండి. అయితే కదిలే పడవలో నైట్ మోడ్ ఆపేయండి. అది ఎక్కువసేపు వెలుతురు పట్టుకునే పద్ధతి కాబట్టి పడవ ఊపుకి దీపాలన్నీ గీతలు గీతలుగా వస్తాయి.

ఓడ పై డెక్ తెరిచి ఉంటే అది రెండో మంచి చోటు. రిసెప్షన్ దగ్గర కూడా చాలావరకు ఒప్పుకుంటారు, అడిగి తీయండి. ఆట హాలు గుమ్మం దగ్గర ఫోను సైలెంట్‌లో పెట్టి, ఫ్లాష్ ఆపేసి, జేబులో పెట్టేయండి. ఐఫోనైతే లైవ్ ఫోటో కూడా ఆపాలి. నొక్కడానికి ఒకటిన్నర సెకను ముందు, ఒకటిన్నర సెకను తర్వాత జరిగింది మాటలతో సహా అందులో పడిపోతుంది. అనుమతి తీసుకుని తీసిన ఫోటోలో కూడా అనుమతి లేనివి దూరేది ఇలాగే. కెమెరా ఉన్న కళ్లద్దాలు ఎవరైనా పెట్టుకొస్తే అవి సంచిలోకి వెళ్లాలి, కళ్లద్దాలే కదా అని వాదించొద్దు.

బల్ల దగ్గర పద్ధతి ఎక్కడైనా ఒకటే. ఫోను పచ్చగుడ్డ మీద పెట్టకూడదు. ఆట నడుస్తుండగా ఫోను మాట్లాడకూడదు, పలకాల్సి వస్తే లేచి నాలుగడుగులు అవతలికి వెళ్లాలి. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు వాట్సాప్ వీడియో కాల్. "అత్తయ్యా, ఇదిగో క్యాసినో చూడు" అని ఫోను గిర్రున తిప్పడం. ఫోటో కన్నా ఇది పది రెట్లు చెడ్డది. ఆట జరుగుతుండగానే బల్ల మీది ముక్కలు బయటి మనిషికి కనిపిస్తున్నాయి. ఆ బయటి మనిషి పటమటలో ఉన్న మీ అత్తగారని ఎవరికి తెలుసు? ముక్కలు చూసి సంకేతాలిచ్చే జతగాడని అనుకుంటారు. మూడు ముక్కలాట బల్ల మీద మీ ముక్కలకి ఫోటో తీసి పక్కన ఆడుతున్న మీవాళ్లకి పంపినా అంతే, కలిసి ఆడుతున్నట్టు లెక్క.

బల్ల దగ్గర జ్ఞాపకంగా ఒక్క ఫోటో కావాలనిపిస్తే, దానికో వేళ ఉంది. నడుస్తున్న ఆట ముగియాలి, గెలిచినవాళ్లకి చెల్లింపు అయిపోవాలి, బల్ల మీద పందెం చిప్స్ ఉండకూడదు. అప్పుడు డీలర్‌ని అడగండి. డీలర్ సొంతంగా ఒప్పుకోడు, వెనక నిలబడ్డ పిట్ బాస్ (బల్లల మీద అజమాయిషీ చేసే పై ఉద్యోగి) వైపు చూస్తాడు. పిట్ బాస్ తలూపితేనే ఒప్పుకున్నట్టు. డీలర్ నవ్వితే సరేనన్నాడని అనుకోవద్దు, నవ్వడం ఆయన కొలువులో భాగం. ఒప్పుకుంటే రెండడుగులు వెనక్కి జరిగి, గోడ వైపు వీపు పెట్టి, ఛాతీ నుంచి పైకి మాత్రమే ఫ్రేములో ఉంచి ఒకటో రెండో తీసి ముగించండి. పక్క ఆటగాళ్లు ఫ్రేములోకి వస్తుంటే వాళ్లనీ అడగాలి. ఒక్కరు వద్దన్నా ఆపేయాలి. ఒప్పుకోకపోతే బతిమాలొద్దు, ఆ బల్ల వదిలేయండి.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఫోటోలో బాగా కనిపించాలని పందెం కాసిన చిప్స్‌ని చేత్తో సర్దడం, దొంతర ఎత్తి చూపించడం. మీరు పందెం పెట్టాక, ఇక పందేలు చాలని డీలర్ చేయి అడ్డంగా ఊపితే ఆ చిప్స్ ముట్టుకోకూడదు. ఫలితం తెలిశాక పందెం పెంచడం, తగ్గించడం క్యాసినోల్లో పాత మోసం. ఫోటో కోసం సర్దినా పైనున్న కెమెరాకి అదే మోసంలా కనిపిస్తుంది. మీ చిప్స్ ఫోటో కావాలంటే ఆట ముగించి, భోజనాల దగ్గర కూర్చుని, అరచేతిలో ఒకటి పెట్టుకుని తీసుకోండి. అసలు బల్లకన్నా అదే అందంగా వస్తుంది.

ఓడల్లో వేదిక మీద పాటలు, డాన్సులు ఉంటాయి. అక్కడ ఫోటో తీయొద్దని ఎవరూ చెప్పకపోయినా డాన్స్ చేస్తున్న అమ్మాయిల మీదికి జూమ్ చేసి తీయడం మర్యాద కాదు. ఈ మాట మగవాళ్లకి మీరే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా వినరు. మందు గ్లాసులు చేతుల్లో ఉండగా గ్రూపు ఫోటో వద్దు. మరుసటి రోజు పొద్దున్నే ఎవరో ఒకరు దాన్ని చెరిపేయమంటారు.

గార్డు వస్తే? ముందు ఫోను కిందికి దించండి. "సారీ సర్, డిలీట్ చేస్తాను" అనండి. ఫోను మీ చేతిలోనే ఉంచుకుని, గ్యాలరీ తెరిచి, ఆ ఫోటో చెరిపి, "రీసెంట్లీ డిలీటెడ్" లేదా "ట్రాష్"లో నుంచి కూడా ఆయన చూస్తుండగానే తీసేయండి. ఫోను ఆయన చేతికి ఇచ్చేయనక్కర్లేదు, చూపించి చెరిపితే సరిపోతుంది. మీ మిగతా గ్యాలరీ అంతా వెనక్కి జరుపుతూ చూస్తానంటే మర్యాదగా మేనేజరుని పిలవమనండి. వాదన మాత్రం వద్దు. అది వాళ్ల స్థలం, బయటికి వెళ్లమనే హక్కు వాళ్లకుంది, వెళ్లమన్నాక వెళ్లకపోతే తప్పు మీదవుతుంది. గొంతు పెంచకపోతే మొత్తం రెండు నిమిషాల్లో అయిపోతుంది, పక్క బల్లవాళ్లకి కూడా తెలియదు. కొలంబోలో నలుగురికీ తెలిసేలా జరిగిందంటే ఎవరో ఒకరు గొంతు పెంచి ఉండాలి.

వియ్యంకుడు గారి విషయానికి నాకు తోచిన మంచి మార్గం ఒకటి. గ్రూపు ఫోటోలు తీసే పని ఆయనకే అప్పగించండి. తీసేవాళ్లు ఫోటోలో ఉండరు, పైగా పెద్దరికం ఇచ్చినట్టూ ఉంటుంది. కానీ ఈ చోట్ల అద్దాలు, తళతళలాడే స్తంభాలు ఎక్కువ, ఫోటో తీస్తున్న మనిషి వెనక అద్దంలో పూర్తిగా పడతాడు. పంపే ముందు ప్రతి ఫోటో మూలమూలా చూడండి. ఆ అబ్బాయి ఫోన్లో ముఖాల్ని బట్టి ఆల్బం దానంతటదే పంచే ఏర్పాటు ఉంటే ప్రయాణం అయ్యేదాకా ఆపించండి. అబ్బాయిని పూర్తిగా కాదంటే చాటుగా తీస్తాడు. జెట్టీ, డెక్, ఒడ్డున నడక ఈ మూడు రీళ్లూ నీవే అని ఒప్పజెప్పి, హాలు గుమ్మం దాటాక ఫోను తీయకూడదని మాట తీసుకోండి. పోస్టు చేయడం ఊరు చేరాకే. ఇల్లు తాళం వేసి ఉందని అక్కడి నుంచి ప్రపంచానికి చెప్పడం ఎందుకు?

వేగాస్ సంగతి. గోవా కన్నా అక్కడ ఫోటోలకి చాలా వెసులుబాటు, చాలా క్యాసినోల్లో మీవాళ్ల ఫోటో మీరు తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. బల్ల మీద నడుస్తున్న ఆట, డీలర్లు, పక్కవాళ్లు, క్యాష్ కౌంటరు మాత్రం వద్దు. అసలు చిక్కు మీ మనవడితో. నెవాడా చట్టం ప్రకారం ఇరవయ్యొక్కేళ్ల లోపువాళ్లు ఆట స్థలంలో నిలబడకూడదు. అక్కడి హోటళ్లలో గదికి, భోజనశాలకి దారి ఆట హాలు మధ్యలోంచే ఉంటుంది, నడిచి దాటిపోవచ్చు. కానీ బిడ్డని స్లాట్ మెషిన్ పక్కన ఆపి, స్ట్రోలర్ తిప్పి, "నవ్వు నాన్నా" అంటే నిమిషంలో సెక్యూరిటీ వస్తారు. మన కుటుంబాలు అక్కడ మాట పడేది ఎక్కువగా ఇందుకే. మనవడితో ఫోటోలు బెలాజియో ఫౌంటెన్ల దగ్గర, అదే హోటల్లోని పూల తోటలో, వెనీషియన్‌లో పడవల కాలువ పక్కన తీసుకోండి. 1959 నుంచి ఉన్న వేగాస్ స్వాగత బోర్డు దగ్గరైతే వరుసలో నిలబడి తీసుకుంటారు, వరుస తప్పించొద్దు. వీధిలో ఈకల కిరీటాలు పెట్టుకున్న అమ్మాయిలు, బొమ్మల వేషాలవాళ్లు నవ్వుతూ పక్కకొచ్చి నిలబడితే అది డబ్బుకే. ఎంతివ్వాలో ముందు మాట్లాడుకుని, ఆ తర్వాతే క్లిక్కు నొక్కండి.

స్లాట్‌లో ఎవరికైనా పెద్ద మొత్తం తగిలితే తెర ఫోటో తీసుకోవడం అక్కడ మామూలే. మెషిన్ ఆగిపోయి ఉద్యోగి వచ్చేదాకా ఏ బటనూ నొక్కకుండా ఆగి, ఆయన్ని అడిగి, తెర మాత్రమే వచ్చేలా తీయండి. మెషిన్ నుంచి వచ్చే కాగితం టికెట్‌ని మాత్రం బార్‌కోడ్ కనిపించేలా తీసి గ్రూపులో పెట్టొద్దు. ఆ కాగితం నోటుతో సమానం.

దారిలో సింగపూర్‌లో దిగి మెరీనా బే శాండ్స్ హోటల్ చూస్తామంటే, క్యాసినో హాల్లోకి విదేశీయులకి పాస్‌పోర్టు చూపితే ఉచితం, ఇరవయ్యొక్కేళ్లు నిండాలి, లోపల ఫోటోలకి వీల్లేదు. పైన 57వ అంతస్తు డెక్ మీద కావలసినన్ని తీసుకోండి. యూరప్‌లో మాంటే కార్లో లాంటి చోట ఉదయం ఆట మొదలుకాక ముందు సందర్శకుల్ని భవనం చూడనిస్తారు, ఫోటోలకి అదే వేళ.

ఇక ఆ కొలంబో వీడియో. గార్డు ముందు గ్యాలరీలోంచి చెరిపారు గానీ అప్పటికే అది గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కిపోయి ఉంటుంది, లేదా చెరిపే ముందే గ్రూపుకి వెళ్లి ఉంటుంది. గూగుల్ ఫోటోస్‌లో చెరిపినది ట్రాష్‌లో అరవై రోజులు, ఐఫోన్‌లో ముప్ఫై రోజుల దాకా ఉంటుంది, చేత్తో ఖాళీ చేస్తేనే వెంటనే పోతుంది. వాట్సాప్‌లో అందరికీ చెరిపే వీలు పంపిన రెండు రోజుల పైచిలుకు దాకానే. మొన్న పంపినది ఇంకా ఆ గడువులో ఉంటే పంపినవాళ్లతో ఇప్పుడే చెరిపించండి. గడువు దాటితే గ్రూపులో ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, చాట్‌లోనూ గ్యాలరీలోనూ తీసేయమని అడగండి. గ్రూపులో మెసేజ్ పెడితే చెరిపేలోపు ఇంకో పదిమంది తెరిచి చూస్తారు. ఆ వీడియోలో మీవారి వెనక కూర్చున్న మనుషులెవరో మీకు తెలియదు. వాళ్ల ముఖాలు మీ గ్రూపులో ఉన్నాయని వాళ్లకీ తెలియదు.